ఇంట కట్టిన హెలికాప్టరుకు కర్త ఎవరు?

ఒక మనిషి తన చేతులతో తానే హెలికాప్టరును నిర్మించుకొని, అందులో తానే కూర్చొని నేలను విడిచినప్పుడు ఆ కార్యానికి కర్త అతడొక్కడేనా అన్న ప్రశ్న, పైకి యంత్రశాస్త్రానికి వేదాంతాన్ని బలవంతంగా అతికించినట్లు కనిపించవచ్చు. కాని మీమాంసకులు, గీతా వ్యాఖ్యాతలు శతాబ్దాలుగా చర్చించిన కర్తృత్వ సమస్యకు ఈ కాలంలో ఇంతకంటె కఠినమైన ఉదాహరణ దొరకడం అరుదు. కర్తృత్వమంటే ఒక పనిని తనదిగా చెప్పుకొనే అధికారం మాత్రమే కాదు, ఆ పని ఫలాన్నీ దోషాన్నీ తన మీద వేసుకొనే స్థితి కూడా. కుమ్మరి చేసిన కుండ పగిలితే కుమ్మరి మరొక కుండ చేస్తాడు. హెలికాప్టరు విషయంలో రూపకల్పన చేసినవాడు, అతికినవాడు, తనిఖీ చేసినవాడు, నడిపినవాడు అందరూ ఒకే దేహంలో ఉన్నందున, మొదటివాడి పొరపాటుకు చివరివాడు ప్రాణంతో బదులు చెప్పవలసి వస్తుంది.

సికింద్రాబాదు వాసులకు హెలికాప్టరు అపురూపమైన వస్తువేమీ కాదు. నగరానికి ఉత్తరాన హకీంపేటలో భారత వైమానిక దళపు హెలికాప్టర్ శిక్షణ పాఠశాల ఉన్నందున, ఫ్రెంచి అలువెట్-3 నమూనాను అనుసరించి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ లైసెన్సుతో తయారుచేసిన చేతక్ హెలికాప్టర్ల చప్పుడు అల్వాల్, బొల్లారం, తిరుమలగిరి ప్రాంతాలవారి చెవులకు దశాబ్దాలుగా అలవాటైనదే. ఆ చప్పుడు వెనుక ఎవరికీ కనిపించని ఒక కాగితం ఉంటుంది. వైమానిక దళంలో ‘ఫారం 700’ అని వ్యవహరించే ఆ సర్వీసింగ్ పత్రంలో, ఇంజను చూసినవారు, రోటరు చూసినవారు, విద్యుత్ పరికరాలు చూసినవారు ఎవరి పనికి వారు సంతకం చేసిన తరువాతనే పైలట్ తన సంతకంతో యంత్రాన్ని స్వీకరిస్తాడు. ఆకాశంలో కనిపించేది ఒక్క మనిషే అయినా, కర్తృత్వం అప్పటికే పదిమందికి పంపిణీ అయి, ఆ పంపిణీ సిరాతో నమోదై ఉంటుంది. ఇంట కట్టిన హెలికాప్టరుకు ఇటువంటి కాగితం ఉండదు. ఉన్నా అన్ని గడులలోనూ కనిపించేది ఒకే సంతకం.

ఇంట విమానం కట్టుకోవడం కంటె హెలికాప్టరు కట్టుకోవడం ఎందుకు కష్టమో తెలిస్తే గాని ఈ ప్రశ్నలోని తీవ్రత బోధపడదు. విమానపు రెక్క కదలకుండా నిలిచి ఉంటుంది. హెలికాప్టరులో రెక్కే తిరుగుతుంది, తిరుగుతూ ప్రతి చుట్టులోనూ తన వాలును మార్చుకుంటుంది. యంత్రం ముందుకు సాగుతున్నప్పుడు ఒక పక్క బ్లేడు గాలికి ఎదురేగుతూ, రెండవ పక్క బ్లేడు గాలితోపాటు వెనుకకు పోతూ ఉండడం వల్ల రెండు పక్కలా లేపే బలం సమానంగా ఉండదు కనుక, ఆ తేడాను సర్దుకొనేందుకు బ్లేడుకు పైకీ కిందికీ ఊగే వీలు కల్పించాలి. స్పెయిన్ ఇంజనీరు హువాన్ ద లా సియెర్వా కీలుతో అమర్చిన బ్లేడ్ల ద్వారా ఈ సమస్యను పరిష్కరించి, 1923లో తన ఆటోజైరోను, అంటే ఇంజను బలంతో కాక ఎదురుగాలితోనే పై రోటరు తిరిగే యంత్రాన్ని, విజయవంతంగా ఎగరేశాడు. పైలట్ చేతి కదలికను తిరుగుతున్న బ్లేడ్లకు అందించడానికి స్వాష్ ప్లేట్ అనే అమరిక కావాలి. అది ఒకటి తిరగకుండా, రెండవది రోటరుతో తిరుగుతూ, రెండూ కలిసి వాలే పళ్లేల జత. పై రోటరు ఒక దిక్కుకు తిరుగుతుంటే కింది దేహం ఎదురు దిక్కుకు తిరగబోతుంది కనుక దానిని నిలిపే తోక రోటరు మరొకటి కావాలి. ఈ భాగాలలో చాలా వాటికి ప్రత్యామ్నాయం ఉండదు. ఒకటి తప్పితే ఆ భారాన్ని మోయడానికి మరొకటి సిద్ధంగా లేదు.

ఇగోర్ సికోర్‌స్కీ జీవితంలో ఈ కష్టం ఎంత కాలం పట్టిందో చూడవచ్చు. ఆయన 1909లో కీవ్ నగరంలో కట్టిన మొదటి హెలికాప్టరు లేవలేదు. 1910లో కట్టిన రెండవది తన బరువును లేపుకోగలిగింది గాని మనిషిని మోయలేకపోయింది. ఆయన మారుమాట లేకుండా దానిని పక్కన పెట్టి విమానాల నిర్మాణానికి వెళ్లిపోయి, దాదాపు 30 సంవత్సరాల తరువాత, అమెరికాలో 1939 సెప్టెంబరు 14న, వి.ఎస్.-300 అనే యంత్రాన్ని తాళ్లతో కట్టి ఉంచి తానే నడిపి నేల మీది నుంచి కాస్త పైకి లేపాడు. తన యంత్రాన్ని తానే నడిపిన ఆ సాహసి, దానికి తాళ్లు కట్టడాన్ని చిన్నతనంగా భావించలేదన్నది ఈ వ్యాసానికి ముఖ్యం. 1942లో ఆయన క్రైస్తవుల ప్రభు ప్రార్థన మీద ఒక గ్రంథం వెలువరించాడు. దేవుని చిత్తానికి తలవంచడాన్ని గురించి తలపోసిన మనిషి, తాడు బలాన్ని కూడా లెక్క కట్టుకొన్నవాడే.

ఆ తరువాత ఈ విద్య పెద్ద కర్మాగారాలను దాటి ఇళ్లలోకి వచ్చింది. 1950ల నుంచి ఇగోర్ బెన్సన్ రూపొందించిన చిన్న జైరోకాప్టర్ల నక్షాలను కొనుక్కొని సామాన్యులు షెడ్లలో కట్టుకొన్నారు. 1960ల చివర బి.జె. ష్రామ్ రూపొందించిన స్కార్పియన్‌తో అసలైన హెలికాప్టరే కిట్‌గా, అంటే విడి భాగాల పెట్టెగా, అమ్మకానికి వచ్చింది. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రానికి చెందిన జాన్ అప్టిగ్రోవ్ రూపొందించిన మస్కిటో మరీ చిన్నది: ఒక్కరు కూర్చొనే ఆ యంత్రపు తొలి నమూనాను, అమెరికాలో లైసెన్సు అవసరం లేని అతితేలిక వాహనాల తరగతిలో ఇమిడేటట్లు, అంటే ఖాళీ బరువు సుమారు 115 కిలోలకు, ఇంధనం 19 లీటర్లకు మించకుండా తీర్చిదిద్దారు. 

అతితేలిక తరగతిని మించిన ఇంటి విమానాలకు, హెలికాప్టర్లకు అమెరికా ప్రభుత్వం పెట్టిన నిబంధన తాత్త్వికులు ఆలోచించవలసినది. విద్య కోసమో వినోదం కోసమో నిర్మించే వ్యక్తులే ఆ యంత్రంలోని అధిక భాగాన్ని స్వయంగా చేసి ఉండాలన్న ఆ నియమాన్ని జనం ‘51 శాతం నియమం’ అంటారు. అధిక భాగాన్ని తేల్చడానికి అధికారులు పనుల పట్టికను ముందు పెట్టుకొని ఏ పని ఎవరు చేశారో గుర్తిస్తారు. ఇంజనును తాను పోత పోయనక్కరలేదు, బేరింగు తాను చేయనక్కరలేదు. కాని సగానికి పైగా పని తనది కావాలి. ఒక ఆధునిక రాజ్యం కర్త అంటే ఎవరో శాతాలలో నిర్వచించడానికి పూనుకోవడం ఒక విధంగా సాహసమే.

మీమాంసా శాస్త్రం ఈ ప్రశ్నను యజ్ఞం విషయంలో ఎదుర్కొంది. సోమయాగానికి 16 మంది ఋత్విక్కులు కావాలి. మంత్రాలు చదివేది, ఆహుతులు వేసేది, సామం పాడేది వారే. అయినా యాగఫలం మాత్రం దక్షిణ ఇచ్చి వారిని నియమించుకొన్న యజమానికే చెందుతుంది. చేతులు వేరేవారివి, ఫలం ఇతనిది. ఇది న్యాయమేనా అని ప్రశ్నించుకొని, ఋత్విక్కుల సేవ దక్షిణ చేత కొనబడినది కనుక వారు చేసిన దానిని కూడా చేయించినవాడిదిగానే చూడాలని మీమాంసకులు తేల్చారు. అయితే యజమాని ఇతరులకు అప్పగించలేనిది ఒకటుంది: ఆహుతి పడే క్షణంలో ఆ ద్రవ్యం ఇక తనది కాదని ప్రకటించే త్యాగం. అమెరికా నియమం కర్త నుంచి సగానికి మించిన శ్రమను కోరితే, మీమాంస కర్త నుంచి సొంతమనుకొన్నదాన్ని విడిచిపెట్టే ఒక్క వాక్యాన్ని కోరింది. ఈ రెండింటిలో మీమాంస నిర్వచనమే ఇంటి హెలికాప్టరుకు దగ్గరగా ఉందని వాదించడానికి అవకాశం ఉంది, ఎందుకంటే నిర్మాణమంతా చేతుల పని అయినా, మొదటిసారి నేలను విడిచేది ఆ యంత్రం మీద పెంచుకొన్న మమకారాన్ని పక్కన పెట్టి దానిని కేవలం లోహంగా చూడగలిగిన వాడు మాత్రమే కావాలి. సికోర్‌స్కీ 1910లో తన రెండవ హెలికాప్టరును విడిచిపెట్టడం ఈ అర్థంలో ఒక త్యాగమే.

భగవద్గీత 18వ అధ్యాయం ఈ విచారణను యజ్ఞశాల దాటించి సమస్త కర్మకూ విస్తరింపజేసింది. ఏ పని జరగాలన్నా అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, దైవం అనే ఐదు కారణాలు కలవాలని, అలా ఉండగా తానొక్కడినే కర్తనని అనుకొనేవాడికి ఇంకా చూపు రాలేదని అక్కడి తాత్పర్యం. అధిష్ఠానమంటే దేహమని, దైవమంటే ఇంద్రియాలకు అధిపతులైన దేవతలని శంకరులు వ్యాఖ్యానించారు. రామానుజులు దైవమంటే లోపల ఉండి నడిపించే పరమాత్మయే అన్నారు. వ్యాఖ్యాతలు కరణమంటే ప్రధానంగా ఇంద్రియాలను ఉద్దేశించినా, పనిముట్టు అన్న లోకవ్యవహారపు అర్థం ఇక్కడ విచారణకు చాలా పనికివస్తుంది. దసరా నాడు రాణిగంజ్ దుకాణాలలోనూ మరమ్మతు షెడ్లలోనూ ఆయుధపూజ పేరిట లేత్ మెషీన్‌కు, స్పానర్లకు పసుపు కుంకుమలు పెట్టేవారు, తమకు తెలిసో తెలియకో, పనిముట్టును కూడా సహకర్తగా గౌరవిస్తున్నారు.

ఈ ఐదు కారణాల వివేచనకు ఉదాహరణగా నిలిచే ఒక విషాద ఘటన తెలంగాణ పొరుగునే జరిగింది. ఆదిలాబాదుకు సరిహద్దున ఉన్న మహారాష్ట్ర యవత్మాళ్ జిల్లాలోని ఫుల్‌సావంగి గ్రామంలో, ఎనిమిదో తరగతితో చదువు ఆపి వెల్డింగు పనిచేసుకొంటున్న 24 ఏళ్ల యువకుడు, అంతర్జాలంలోని వీడియోలు చూసి నేర్చుకొంటూ, మారుతి 800 కారు ఇంజనుతో ఒక్కరు కూర్చొనే హెలికాప్టరును సుమారు రెండేళ్లు శ్రమించి కట్టాడు. 2021 ఆగస్టులో, స్వాతంత్ర్య దినోత్సవానికి దానిని ప్రదర్శించాలన్న సంకల్పంతో, ఒక రాత్రి నేల మీదనే పరీక్షిస్తుండగా తోక రోటరు బ్లేడు విరిగి పై రోటరుకు తగలడంతో, ఆ పై రోటరు దెబ్బకు అతడు మరణించాడు. ఇటువంటి ఘటన జరిగినప్పుడు లోకంలో రెండు మాటలే వినిపిస్తాయి: పల్లెలో పుట్టిన మేధావి అని ఒకటి, చదువు లేని దుస్సాహసం అని మరొకటి. ఈ రెండు మాటలూ ఎంత విరుద్ధంగా కనిపించినా ఒకే భ్రమ మీద నిలిచి ఉన్నాయి. రెండూ అతడినే ఏకైక కర్తగా నిలబెట్టి, ఒకటి దండ వేస్తుంది, మరొకటి దండిస్తుంది.

చదువు ఒక్కటే రక్షించగలిగేది కాదని చెప్పడానికి ష్రామ్ జీవితమే సాక్ష్యం. హెలికాప్టర్ కిట్ల నిర్మాణంలో మూడు దశాబ్దాలకు పైగా అనుభవం గడించిన ఆయన, తాను రూపొందించిన మరొక చిన్న యంత్రం హెలిసైకిల్‌ను నడుపుతూ 2004లో ప్రమాదంలో మరణించాడు. కనుక ఫుల్‌సావంగిలో లోపించినదాన్ని ఆ యువకుడి తలలో వెతకడం కంటె అతడి చుట్టూ వెతకడం సమంజసం. కర్త ఉన్నాడు, చేష్ట పుష్కలంగా ఉంది, కరణాలు దొరికినంత దొరికాయి. దొరకనిది యజ్ఞశాలలో దక్షిణం వైపున మౌనంగా కూర్చొనే మనిషి.

ఆ మనిషిని వైదిక పరిభాషలో బ్రహ్మ అంటారు. సృష్టికర్త అయిన చతుర్ముఖుడు కాదు, పరబ్రహ్మమూ కాదు, యజ్ఞంలో ఒక ఋత్విక్కు. హోత మంత్రం చదువుతాడు, అధ్వర్యుడు చేతి పని చేస్తాడు, ఉద్గాత పాడుతాడు. బ్రహ్మ దాదాపు ఏమీ చేయడు. మొత్తం క్రతువును మనసుతో అనుసరిస్తూ, ఎక్కడ తప్పు జరిగిందో గమనించి, దానికి ప్రాయశ్చిత్తం చేయించడమే అతడి పని. ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయం యజ్ఞానికి వాక్కు, మనస్సు అనే రెండు దారులున్నాయని, బ్రహ్మ తన మౌనాన్ని భంగపరిస్తే యజ్ఞం ఒక కాలితో నడిచేవాడిలా, ఒంటి చక్రపు రథంలా కుంటుపడుతుందని, ఆ నష్టం యజమానికే తగులుతుందని చెబుతుంది. యజ్ఞంలో చీలిక వస్తే బ్రహ్మ దానిని ఎలా మాన్పుతాడో చెప్పడానికి ఆ ఉపనిషత్తు ఎంచుకొన్న ఉపమానాలు మరింత ఆశ్చర్యకరమైనవి: క్షారంతో బంగారాన్ని, బంగారంతో వెండిని, వెండితో తగరాన్ని, తగరంతో సీసాన్ని, సీసంతో ఇనుమును, ఇనుముతో కొయ్యను అతికినట్లు అతడు యజ్ఞాన్ని అతుకుతాడట. అతికేవాడి పనిని ఇంత శ్రద్ధగా గమనించిన ఋషి, అతికే చేతికీ అతుకును చూసే కంటికీ తేడా ఉందని కూడా గమనించాడు. వెల్డరు తన అతుకును తానే చూసుకొన్నప్పుడు అతడికి కనిపించేది ఆ అతుకు వెనుక ఉన్న తన శ్రమ. రెండో మనిషికి కనిపించేది అతుకు మాత్రమే. పదేపదే వంగే లోహంలో కంటికి ఆనని పగులు పుట్టి పెరగడాన్ని ఇంజనీర్లు లోహపు అలసట అంటారు; తిరిగే బ్లేడు మొదలు దగ్గర అటువంటి పగులు శ్రమించినవాడి కంటె శ్రమించనివాడికే త్వరగా చిక్కుతుంది.

అమెరికాలో ఇంటి విమాన నిర్మాతల సంఘమైన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్, 1953లో విస్కాన్సిన్ రాష్ట్రంలో మొదలై, ఈ బ్రహ్మ స్థానాన్ని తనదైన పద్ధతిలో నింపింది. అనుభవజ్ఞులైన సభ్యులు సాంకేతిక సలహాదారులుగా స్వచ్ఛందంగా ఇళ్లకు వెళ్లి, సగంలో ఉన్న నిర్మాణాన్ని చూసి, కనిపించిన దోషాన్ని చెప్పి వస్తారు. వారు యంత్రాన్ని కట్టరు. ఫలంలో వారికి వాటా లేదు. భారతదేశంలో ఇటువంటి ఏర్పాటు బలపడకపోవడం వల్ల, ఇంట కట్టేవాడికి ఒక వైపు కాగితాల అడవి, మరొక వైపు ఒంటరితనం మిగిలాయి. ముంబయిలో ఇంటి మేడ మీద ఆరుగురు కూర్చొనే విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్ దానిని 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో నిలబెట్టినా, పౌర విమానయాన సంస్థ నుంచి రిజిస్ట్రేషను 2017లో గాని లభించలేదు. నియమం ఉండడం వేరు, నియమం తరఫున ఒక అనుభవజ్ఞుడు వచ్చి షెడ్డులో కూర్చోవడం వేరు.

ఇక్కడ ప్రమాణ విచారణ కూడా అవసరం. జ్ఞానానికి సాధనమైనది ప్రమాణం; కంటితో చూసి తెలుసుకొనేది ప్రత్యక్షం, గుర్తును బట్టి ఊహించేది అనుమానం, నమ్మదగినవాడి మాట వల్ల తెలుసుకొనేది శబ్దం. నమ్మదగినవాడిని నైయాయికులు ఆప్తుడన్నారు. విషయం తెలిసి, తెలిసినదానిని ఉన్నదున్నట్లు చెప్పేవాడే ఆప్తుడు. విమాన భాగంతోపాటు వచ్చే ధ్రువపత్రం నిజానికి ఆప్తవాక్యమే. ఆ బోల్టు ఏ లోహంతో, ఏ పరీక్షకు నిలిచి తయారైందో కొన్నవాడు ప్రత్యక్షంగా చూడలేదు గనుక చెప్పినవాడి మాటనే నమ్ముతున్నాడు. ధ్రువపత్రం లేని బోల్టు బలహీనమైనదని చెప్పలేము. దాని గురించి ఎవరూ మాట ఇవ్వలేదని మాత్రమే చెప్పగలం.

మన దేశంలో విమానం ప్రస్తావన వచ్చినప్పుడల్లా శబ్ద ప్రమాణం పేరిట జరిగే వాదం వేరు. తెలుగు, కన్నడ, తమిళాలు కలిసి వినిపించే హోసూరు సీమలో పుట్టిన పండిత సుబ్బరాయశాస్త్రి, భరద్వాజ మహర్షి నుంచి తనకు అందిందని చెబుతూ 1918, 1923 మధ్య చెప్పి రాయించిన వైమానిక శాస్త్రం అటువంటిది. శకున, సుందర, రుక్మ, త్రిపుర విమానాల వర్ణనలూ, తరువాత చేరిన చిత్రాలూ ఉన్న ఆ గ్రంథాన్ని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఐదుగురు శాస్త్రజ్ఞులు పరిశీలించి, అది 1904 కంటె పూర్వపు రచన కాదని, అందులోని యంత్రాలకు ఎగిరే లక్షణం లేదని 1974లో ప్రకటించారు. ఆ తీర్పును మతవిరోధంగా భావించినవారు ఇప్పటికీ ఉన్నారు గాని, న్యాయదర్శనం ప్రకారం చూస్తే అందులో విరోధమేమీ లేదు. ప్రత్యక్షానికి అందే విషయంలో శబ్దం ప్రత్యక్షాన్ని కాదని నిలవలేదన్నది మన దార్శనికులకు కొత్త మాట కాదు. ఎన్ని శ్రుతివాక్యాలు చెప్పినా నిప్పు చల్లబడదని శంకరులు స్వయంగా అన్నారు.

అంతకంటె ఆలోచింపజేసేది 11వ శతాబ్దంలో ధారానగరాన్ని ఏలిన భోజుడి పేరిట ఉన్న సమరాంగణ సూత్రధారం. తేలికైన కొయ్యతో చేసిన పక్షి కడుపులో పాదరసాన్ని వేడిచేసి ఎగరేసే యంత్రాన్ని వర్ణిస్తూ, దాని నిర్మాణాన్ని పూర్తిగా చెప్పకపోవడానికి కారణం అజ్ఞానం కాదని, గోప్యత కోసమేనని ఆ గ్రంథం అంటుంది. ఈ మాటను నిజమని తీసుకొన్నా, కట్టుకథ అని తీసుకొన్నా, ఫలితం ఒకటే. దాచిన విద్యను రెండో మనిషి పరీక్షించలేడు, కనుక అందులో బ్రహ్మకు ఆసనం లేదు. బెన్సన్ నక్షాలను డబ్బిచ్చి కొన్న సామాన్యుడికి వాటిలో తప్పు పట్టే అవకాశం ఉంది. గోప్యమైన శాస్త్రాన్ని నమ్మేవాడికి నమ్మడం తప్ప చేయగలిగింది లేదు. పంచతంత్రంలో రథకారుడైన మిత్రుడు కట్టిచ్చిన కొయ్య గరుడుడి మీద, కీలు తిప్పుతూ, విష్ణువు వేషంలో రాజకుమార్తె అంతఃపురానికి ఎగిరిపోయే సాలెవాడి కథ ఇంటి విమానాల కథలలో అత్యంత చమత్కారమైనది. అల్లుడు దేవుడే అన్న ధీమాతో రాజు పొరుగు రాజులతో కయ్యం పెట్టుకోగా, యుద్ధానికి దిగక తప్పని సాలెవాడు చస్తే జనం విష్ణువే చచ్చాడనుకొని పూజలు మానేస్తారన్న చింతతో, అసలు విష్ణువు అతడి దేహంలో ప్రవేశిస్తాడు. తన ప్రతిష్ఠ కాపాడుకోవడానికి దేవుడు ఒక బూటకపు వైమానికుడిని గెలిపించాడన్న ఈ వ్యంగ్యం, దైవాన్ని ఐదవ కారణంగా లెక్కించే ప్రతివాడూ మననం చేసుకోదగినది. అటువంటి దేవుడు ప్రతి షెడ్డుకూ రాడు.

దైవానికీ పురుషకారానికీ, అంటే మానవ ప్రయత్నానికీ, ఉన్న సంబంధాన్ని మహాభారతం అనుశాసన పర్వం విత్తనంతోనూ పొలంతోనూ పోలుస్తుంది. అందులో విత్తనం దైవం, పొలం పురుషకారం. హెలికాప్టరులో ఈ సంబంధానికి సాంకేతికమైన రూపం ఆటోరొటేషన్. గాలిలో ఇంజను ఆగిపోతే, పైలట్ వెంటనే ఎడమ చేతి కింది లివరును దించి బ్లేడ్ల వాలు తగ్గించినట్లయితే, కింది నుంచి పైకి వచ్చే గాలే రోటరును తిప్పుతూ ఉంటుంది. నేలకు దగ్గరైనప్పుడు ఆ తిరుగుడులో నిలవ ఉన్న శక్తిని ఒక్కసారి వాడుకొని అతడు మెల్లగా దిగవచ్చు. పడిపోవడమే దిగడానికి కావలసిన బలాన్ని ఇస్తుంది. శ్రీవైష్ణవులలో వడగలై, తెంగలై శాఖలు తల్లిని గట్టిగా పట్టుకొనే కోతిపిల్ల, తల్లి నోట కరచుకొని మోసుకుపోయే పిల్లికూన అనే దృష్టాంతాలతో జీవుడి ప్రయత్నం మోక్షానికి అవసరమా అని చాలాకాలం వాదించుకొన్నాయి. ఆటోరొటేషన్ ఈ రెండింటికీ పూర్తిగా లొంగదు. మొదట కోతిపిల్ల పట్టు కావాలి. తేలికైన రోటరు ఉన్న చిన్న హెలికాప్టరులో ఆ లివరును ఒకటి రెండు సెకన్లలో దించకపోతే తిరుగుడు కోలుకోలేనంతగా తగ్గిపోతుంది. ఆ తరువాత మోసేది గాలి. కృపకు కూడా సమయం ఉందన్న మాట భక్తుడికి రుచించకపోవచ్చు గాని, వైమానికుడు దానిని కాదనలేడు.

ఫుల్‌సావంగి యువకుడి ఇంటి సంప్రదాయం ఇస్లాం కనుక, ఆ వైపు నుంచి కూడా ఈ ప్రశ్నను చూడడం న్యాయం. అష్అరీ దార్శనికులు కర్మను సృష్టించేది దేవుడేనని, మనిషి దానిని తన సంపాదనగా స్వీకరిస్తాడని, ఆ స్వీకారం వల్లనే బాధ్యత వస్తుందని చెప్పి, దానిని కస్బ్ సిద్ధాంతమన్నారు. ఒంటెను కట్టేసిన తరువాతనే దేవునిపై భారం వేయమని ప్రవక్త ఒక అరబ్బుకు చెప్పినట్లుగా ప్రసిద్ధమైన హదీసు ఉంది. సికోర్‌స్కీ కట్టిన తాళ్లు ఆ ఒంటె తాడు వంటివే.

కర్తృత్వాన్ని ఇలా ఐదుగురికీ పదిమందికీ పంచితే చివరకు ఎవరూ బాధ్యులు కాకుండా పోతారన్న ఆక్షేపణ బలమైనది, దానిని తేలికగా కొట్టివేయకూడదు. దీనికి సమాధానం ఫారం 700లోనే ఉంది: అక్కడి సంతకాలు బాధ్యతను ముక్కలు చేయవు; రోటరు చూసినవాడు రోటరుకు పూర్తిగా బాధ్యుడు, ఇంజను చూసినవాడు ఇంజనుకు పూర్తిగా బాధ్యుడు, స్వీకరించిన పైలట్ మొత్తానికి పూర్తిగా బాధ్యుడు. కర్తృత్వం పంచుకొన్న కొద్దీ తరిగే ఆస్తి కాదు. దీనిని తాత్త్వికంగా గ్రహించినవాడు ఆర్థర్ యంగ్. 1927లో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో గణితం ముగించి, విశ్వానికంతటికీ వర్తించే సిద్ధాంతాన్ని నిర్మించాలనుకొన్న ఆయన, ఊహలకు ఎదురు చెప్పే ఒక గట్టి సమస్య చేతిలో ఉంటే తప్ప తన తత్త్వం గాలిమేడే అవుతుందని భావించి హెలికాప్టరును ఎంచుకొన్నాడు. పెన్సిల్వేనియాలోని పావొలీ గ్రామంలో ఒక పాత పశువుల కొట్టంలో ఏళ్ల తరబడి చిన్న నమూనాలను ఎగరేసి, పగలగొట్టి, మళ్లీ కట్టి, రోటరును నిలకడగా ఉంచే స్థిరీకరణ కడ్డీని రూపొందించి, 1941లో బెల్ కంపెనీకి వెళ్లాడు. ఆ కృషి నుంచి వచ్చిన బెల్ 47 హెలికాప్టరుకు 1946 మార్చి 8న పౌర వినియోగానికి అనుమతి లభించింది. మరుసటి ఏడాదే ఆయన ఆ రంగాన్ని విడిచి తత్త్వానికి తిరిగి వచ్చి, 1976లో ‘ది రిఫ్లెక్సివ్ యూనివర్స్’ ప్రచురించాడు. కాంతికి ఉన్న స్వేచ్ఛ అణువుల దశకు వచ్చేసరికి నియమాలలో బందీ అవుతుందని, ఆ నియమాలను ఉపయోగించుకోవడం నేర్చినప్పుడే మళ్లీ మొక్కగా, జంతువుగా, మనిషిగా పైకి లేస్తుందని ఆయన సిద్ధాంతం. ఇది విజ్ఞానశాస్త్రంగా నిలుస్తుందా అన్నది అనుమానమే. కాని వందలసార్లు కూలిన నమూనాల ముందు కూర్చొన్నవాడి అనుభవంగా చదివితే ఇందులోని ప్రతి మాటకూ బరువు ఉంది. ఆ కొట్టంలో కూలినవన్నీ మనిషి ఎక్కని నమూనాలే అన్నది కూడా మరువరాదు. యంగ్‌కు ఆ వెసులుబాటును ఇచ్చినది కాలమూ కుటుంబపు ఆస్తీ, ఫుల్‌సావంగి వెల్డరుకు ఆ రెండూ లేవు.

సికింద్రాబాదులో ఆ లోటు తీర్చగలవారికి కొరత లేదు. మాజీ సైనికుల కోసం ఏర్పడిన సైనిక్‌పురిలోనూ, యాప్రాల్, అల్వాల్ కాలనీలలోనూ విశ్రాంత జీవితం గడుపుతున్న వైమానిక దళ సాంకేతికులు, చేతి స్పర్శతోనే బేరింగు అరుగుదలను పసిగట్టగలవారు, ఎందరో ఉంటారు. ఒక వెల్డరు షెడ్డుకు వెళ్లి, దక్షిణం వైపు కుర్చీ వేసుకొని, ఈ అతుకు మళ్లీ చేయమని చెప్పే అధికారాన్ని ఇప్పటికి ఏ చట్టమూ వారికి ఇవ్వలేదు, ఏ సంఘమూ వారిని అడగలేదు. అడిగితే వారిలో కొందరైనా వెళ్తారు. వెళ్లినవారు మొదట అడిగేది ఆ యంత్రం ఎప్పుడు ఎగురుతుందని కాదు, తోక రోటరు బ్లేడ్లను విప్పి బల్ల మీద పెట్టమని.